తాకట్టులో ఉన్న ఆదివారాలు

(మైలాపూరులో జరిగిన చెన్నై తెలుగువారి సమావేశంలో ఒక చిన్న ముద్రణాలయ యజమాని చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు ఇచ్చిన అంశం "వ్యక్తి స్వేచ్ఛకు, నిండైన జీవితానికి తోడ్పడే వ్యాపారం". ఆహ్వానపత్రంలో ఈ మాటలు చదివి మా ఆవిడ నవ్వింది. మూడు దశాబ్దాలకు పైగా అట్టపెట్టెలు అచ్చువేస్తున్న మనిషి, అందులో మొదటి పదహారేళ్ళు ఏ పండుగనాడూ విస్తరి ముందు నిమ్మళంగా కూర్చోని మనిషి, స్వేచ్ఛ గురించి నలుగురికి చెప్పడమేమిటని ఆ నవ్వుకు అర్థం. ఆమె నవ్వు న్యాయమైనదే. అందుకని నేను ఆ పదహారేళ్ళ గురించే ఎక్కువగా మాట్లాడతాను. వ్యాపారంలో స్వేచ్ఛ ఎక్కడ పోతుందో నాకు బాగా తెలుసు; అది ఎక్కడ దొరుకుతుందో తెలుసునని అంత ధీమాగా చెప్పలేను.

పైఅధికారి లేకపోవడమే స్వేచ్ఛ అనుకుని నేను 1994లో ఉద్యోగం మానేశాను. రాయపేటలో ఒక సందులో చిన్న గది అద్దెకు తీసుకుని, ఎవరో వాడి వదిలేసిన డామినెంట్ ఆఫ్‌సెట్ యంత్రం ఒకటి కొని, శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అచ్చువేయడం మొదలుపెట్టాను. శుభలేఖల పనిలో ఒక సుఖముంది. సగం డబ్బు ముందే చేతికి వస్తుంది, మిగిలిన సగం కట్టలు అప్పగించేటప్పుడు వస్తుంది. పెళ్ళివారు ప్రెస్సుకు బాకీ పెట్టడం అశుభమనుకుంటారు కాబోలు, ఎగవేసినవాళ్ళు నాకు ఇద్దరో ముగ్గురో తప్ప గుర్తు లేరు. అయితే ఈ ఊళ్ళో ఆ పనికి ఒక చిక్కు కూడా ఉంది. మనకు ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, తమిళులకు ఆడి మాసంలో ఉండవు. రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు కానీ మనది చాంద్రమానం, వారిది సౌరమానం కాబట్టి చాలా ఏళ్ళలో మన ఆషాఢం ముగిసే వేళకు వారి ఆడి మొదలవుతుంది. ఉభయుల పెళ్ళిళ్ళకూ అచ్చువేసే నావంటివాడికి జూన్ చివర మొదలుకొని ఆగస్టు నడిమి దాకా యంత్రం దుమ్ముపట్టి ఉండేది. అద్దెకు, జీతాలకు మాత్రం ఆషాఢమూ లేదు, ఆడీ లేదు. ఆ రెండు నెలల భయమే నన్ను 2001లో ఒక పెద్ద మందుల కంపెనీ గుమ్మం ఎక్కించింది.

ఆ కంపెనీ పేరు చెప్పను, అవసరమూ లేదు. వారి మాత్రల పెట్టెలకు డూప్లెక్స్ బోర్డు అనే దళసరి అట్ట మీద అచ్చు, ఆకారానికి కత్తిరించే డై పంచింగ్, అతికించే పేస్టింగ్ అన్నీ మేమే చేసేవాళ్ళం. ఏడాది పొడవునా పని. 2003లో ఈక్కాట్టుతాంగల్‌లో పెద్ద షెడ్డు తీసుకున్నాను, రెండు రంగుల యంత్రం వచ్చింది, మనుషులు నలుగురి నుంచి పద్నాలుగు మంది అయ్యారు. బంధువుల్లో పేరు వచ్చింది. 2009 నాటికి నెలకు సగటున 10 లక్షల రూపాయల పని చేస్తుండగా అందులో 7 లక్షలు ఆ ఒక్క పార్టీదే.

ఆ ఏడాది మా నాన్నగారి సంవత్సరీకానికి నాయుడుపేట దగ్గర ఉన్న మా ఊరు వెళ్ళాను. పిండప్రదానం జరుగుతోంది. చేతికి దర్భ ఉంగరం ఉంది, ఫోను మోగుతూనే ఉంది. పురోహితుడు ఒకసారి చూశాడు, రెండోసారి చూసి, "మాట్లాడి రండి బాబూ, పితృదేవతలు ఆగుతారు, కంపెనీవాళ్ళు ఆగరు" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, నా అవస్థ చూసి అన్నాడు. అవతల కంపెనీ కొనుగోళ్ళ అధికారి. మరునాటి ఉదయానికి ఒక రకం పెట్టెలు అదనంగా కావాలి, లేకపోతే తర్వాతి ఆర్డరు సంగతి ఆలోచించుకోవలసి వస్తుందని చెప్పాడు. భోక్తలు భోజనానికి కూర్చోకముందే నేను చెన్నైకి బయలుదేరాను. మా అమ్మ ఏమీ అనలేదు, అరటిఆకులో కట్టి గారెలు ఇచ్చింది.

దారిలో ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. కాదని ఎందుకు అనలేకపోయాను? ఆ కంపెనీకి నేను బాకీ లేను, వారే నాకు బాకీ. ఆ రోజుకు వారి దగ్గర నాకు రావలసింది 28 లక్షలు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మన పెద్దలు చెప్పిన మాట అప్పు తీసుకున్నవాణ్ణి ఉద్దేశించింది. ఇచ్చినవాడు కూడా కట్టుబానిస అవుతాడని, ఎంత ఎక్కువ ఇస్తే అంత గట్టిగా కట్టుబడతాడని నాకు ఎవరూ చెప్పలేదు. నా 28 లక్షలు వారి దగ్గర ఉన్నంతకాలం వారి మాటకు ఎదురు చెప్పే స్థోమత నాకు లేదు. పైఅధికారి ఉన్న రోజుల్లో కనీసం ఒకటో తేదీన జీతం వచ్చేది.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే నా ప్రసంగంలో పనికొచ్చే భాగం ఇదే. కాగితం మీద మా ఒప్పందం 60 రోజులు. చెక్కు చేతికి వచ్చేది 120 రోజులకు. నెలకు 7 లక్షల పని చేసి నాలుగు నెలలు ఆగితే 28 లక్షలు బయట చిక్కుకుంటాయి. ఆ డబ్బు నా దగ్గర లేదు కాబట్టి బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే ఒక పరిమితి దాకా అవసరమైనప్పుడల్లా అప్పు తీసుకునే ఖాతా, పెట్టుకుని వాడుకున్నాను. వడ్డీ 12 శాతమే అనుకున్నా 28 లక్షల మీద నెలకు 28,000 రూపాయలు. అదే డబ్బు 30 రోజులకు వచ్చి ఉంటే చిక్కుకునేది 7 లక్షలే, వడ్డీ 7,000. తేడా 21,000. ఆ రోజుల్లో మా పేటలో ప్రెస్సు పని మొత్తం చూసుకోగల అనుభవజ్ఞుడైన సూపర్‌వైజరు జీతం 18,000. అటువంటి మనిషిని పెట్టుకునే తాహతు నాకు లేదని ఏళ్ళ తరబడి అందరితో చెప్పుకున్నాను, ఆదివారాలు కూడా నేనే షట్టరు తీశాను. నిజానికి ఆ మనిషి జీతం నేను ప్రతి నెలా కడుతూనే ఉన్నాను, వడ్డీ రూపంలో బ్యాంకుకు కడుతున్నాను. నా ఆదివారాలు తాకట్టులో ఉన్నాయని, వాటిని తాకట్టు పెట్టింది ఆ కంపెనీ కాదు, నేనేనని ఆ రాత్రి లెక్క వేస్తే తేలింది.

ఇప్పుడు వ్యాపారం పెట్టేవారికి ఇంకో ముడి ఉంది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన తర్వాత, నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి ఈ నెల రాసిన బిల్లు మీద పన్నును వచ్చే నెల 20వ తేదీలోగా కట్టాలి. పార్టీ మీకు డబ్బు ఇచ్చిందా లేదా అన్నదానితో ప్రభుత్వానికి నిమిత్తం లేదు. అంటే 120 రోజుల అరువు ఇచ్చినవాడు తన సరుకుతో పాటు పన్నును కూడా అరువిస్తున్నాడన్నమాట.

చట్టం మన పక్షాన లేదని అనుకోకండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లోనే వచ్చింది. దాని ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు గాని సేవ గాని తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలులో కలిపే చక్రవడ్డీ కట్టాలి. నేను గారెల పొట్లంతో చెన్నైకి తిరిగివస్తున్న రోజుకు ఆ చట్టం వచ్చి మూడేళ్ళు. దాని పేరు కూడా నేను వినలేదు. విన్నా ఫిర్యాదు చేసి ఉండేవాణ్ణి కాను, ఎందుకంటే పది రూపాయల్లో ఏడు రూపాయలు ఇచ్చే చేతి మీద ఎవడూ ఫిర్యాదు చేయడు. చట్టం ఇచ్చే హక్కు కూడా దాన్ని వాడుకునే ధైర్యం ఉన్నవాడిదే. ఆ ధైర్యం ఒక్క పార్టీ మీద ఆధారపడనివాడికే ఉంటుంది. 2023లో ఆదాయపన్ను చట్టంలో ఒక మార్పు చేశారు. 2024-25 పన్ను మదింపు సంవత్సరం నుంచి, చిన్న సంస్థకు గడువులోగా కట్టని బిల్లును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, నిజంగా కట్టిన ఏడాదే చూపించుకోవాలి. మనం నోరు తెరవనక్కరలేకుండా కొనుగోలుదారు ఆడిటరే అతన్ని హెచ్చరిస్తాడు కాబట్టి ఇది కాస్త పనిచేస్తోంది. అయినా ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, రద్దు చేసుకుంటేనే ఆర్డరు ఇస్తామని అడిగిన పెద్దమనుషులున్నారని నా తోటి ప్రెస్సువాళ్ళు చెప్పగా విన్నాను. ఇక్కడ సరుకు కొని అమ్మే వ్యాపారులు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి: తయారీదార్లకు, సేవలందించేవారికి మాత్రమే ఈ గడువు రక్షణ ఉంది, వర్తకులు ఉద్యమ్‌లో నమోదైనా వారికి ఇది వర్తించదు.

ఆ పార్టీ నుంచి బయటపడడానికి నాకు పద్దెనిమిది నెలలు పట్టింది. ఒక్కరోజులో తెంచుకుంటే బాకీ మునిగిపోతుంది కాబట్టి, కొత్త ఆర్డర్లు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, పాత బాకీ రాబట్టుకుంటూ, మరోవైపు చిన్న పార్టీలను వెతుక్కున్నాను. పచ్చళ్ళు, పొడులు చేసేవాళ్ళు, మిఠాయి దుకాణాలవాళ్ళు, ఊదుబత్తులవాళ్ళు, కాఫీపొడి మిల్లులవాళ్ళు, సిద్ధవైద్యం మందులు తయారుచేసేవాళ్ళు. వీరికి ఐదువేల పెట్టెలు, పదివేల పెట్టెలు కావాలి. పెద్ద ప్రెస్సులు వీరిని పట్టించుకోవు, అచ్చుపనికి పేరున్న శివకాశి దూరం. వీరి దగ్గర రెండు షరతులు పెట్టాను: బోర్డు ఖరీదు ముందే ఇవ్వాలి, మిగిలింది నెల రోజుల్లో ఇవ్వాలి. ఒప్పుకోనివాళ్ళకు పక్క ప్రెస్సు చిరునామా నేనే ఇచ్చాను. ఏ పార్టీ పనీ మొత్తంలో పావు వంతు మించకూడదన్న నియమం కూడా అప్పుడు పెట్టుకున్నదే. రెండుసార్లు ఆశపడి దాటబోయాను, రెండుసార్లూ మా లెక్కలు చూసే అమ్మాయి అడ్డుపడింది. మొదటి ఏడాది అమ్మకాలు నెలకు 10 లక్షల నుంచి ఏడున్నర లక్షలకు పడిపోయాయి. బంధువుల్లో వచ్చిన పేరు కొంత పోయింది. కానీ నెలాఖరుకు చేతిలో మిగిలేది పెరిగింది. సూపర్‌వైజరును పెట్టుకున్నాను.

బ్యాంకు కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. కంపెనీగా గాని, పరిమిత బాధ్యత భాగస్వామ్యంగా గాని నమోదు చేసుకుంటే ఇల్లువాకిలి క్షేమమని చాలామంది అనుకుంటారు. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు యజమాని చేత, తరచు అతని భార్య చేత కూడా వ్యక్తిగత హామీపత్రం మీద సంతకం పెట్టిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు బాకీదారును అడిగి, అతని దగ్గర లేకపోతేనే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు. పరిమిత బాధ్యత అన్న గోడ కట్టుకుని ఆ సంతకంతో దానికి తలుపు పెట్టుకుంటున్నామన్నమాట. మా ఆవిడ పేరున ఉన్న ఇంటి పత్రాలు తొమ్మిదేళ్ళు బ్యాంకులో ఉన్నాయి. తనఖా, మూడోవ్యక్తి హామీ లేకుండా చిన్న సంస్థలకు అప్పు పుట్టేలా కేంద్ర ప్రభుత్వం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ కలిసి 2000లో ఒక పూచీకత్తు నిధి ఏర్పాటు చేశాయి, దాని పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెరిగింది. రుసుము అదనంగా పడుతుంది. ఆ రుసుము దండగ అని అనిపించిన రోజున ఇంటిపత్రాలున్న బీరువా వైపు ఒకసారి చూడండి.

2015 డిసెంబరు 1 రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెంబరంబాక్కం చెరువు నీరు వదిలాక అడయారు నది పొంగి ఈక్కాట్టుతాంగల్ వర్క్‌షాపుల్లోకి వచ్చింది. మా షెడ్డులో నడుము లోతు. తడిసిన బోర్డు ఎలా ఉంటుందో చూడనివారికి చెప్పడం కష్టం. రీములు ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఇనుప ర్యాకులను వంచేశాయి. యంత్రం మోటారు పోయింది. అగ్నిప్రమాద బీమాలో వరద కూడా చేరి ఉంది కాబట్టి పరిహారం వచ్చింది, అది రావడానికి మాత్రం నెలలు పట్టింది. ఈలోపు మమ్మల్ని నిలబెట్టింది మూడు నెలల ఖర్చుకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్టు ఒకటి, చిన్న పార్టీలు ఒకటి. వాళ్ళలో కొందరు పెట్టెలు ఎప్పుడిస్తారని అడగకుండానే అడ్వాన్సులు పంపారు. అదే వరద 2009లో వచ్చి ఉంటే నేను ఇవాళ ఈ వేదిక మీద ఉండేవాణ్ణి కాదు.

ఇక మనిషి లేకపోయినా పని నడవడం గురించి. సూపర్‌వైజరు వచ్చిన తర్వాత కూడా నేను రెండేళ్ళు ఎక్కడికీ వెళ్ళలేకపోయాను, ఎందుకంటే సగం వ్యాపారం నా తలలో ఉంది. ఏ పార్టీ ఎరుపుకు ఏ సిరాలో ఏది ఎంత కలపాలి, ఏ బోర్డు వర్షాకాలంలో ముడుచుకుంటుంది, ఎవరికి ఎంతకు చెప్పవచ్చు అన్నవన్నీ నాకే తెలుసు, కొన్ని మా మెషిన్‌మేన్‌కు తెలుసు. అలా అన్నీ నాకే తెలిసి ఉండడంలో ఒక గర్వముంటుంది, దాన్ని వదులుకోవడం అప్పు తీర్చడం కంటే కష్టం. చివరికి ఒక పెద్ద నోటుపుస్తకం కొని, ప్రతి పనికీ నేను నోటితో చెప్పే మాటలన్నీ అందులో రాయించడం మొదలుపెట్టాను. మా మెషిన్‌మేన్ తమిళంలో రాస్తాడు, నేను తెలుగులో రాస్తాను, లెక్కలమ్మాయి రెండూ చదవగలదు. ఏడాదికి పుస్తకం నిండింది. 2013లో మా ఆవిడ, నేను పన్నెండు రోజులు కాశీకి వెళ్ళాం. ఫోను ఇంట్లోనే వదిలేశాను. తిరిగివచ్చేసరికి మూడు తప్పులు జరిగి ఉన్నాయి. మూడూ పుస్తకంలో రాయనివే.

ఈ సభ జరుగుతున్న చోటికి దగ్గర్లోనే నాగేశ్వరరావు పార్కు ఉంది, మీలో కొందరు రోజూ అక్కడే నడుస్తారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని మనం దేశోద్ధారకుడిగా, ఆంధ్రపత్రిక స్థాపకుడిగా తలచుకుంటాం, వ్యాపారిగా తక్కువ తలచుకుంటాం. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి ఆ మందును జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ వ్యాపారం తీరును ఒక ముద్రాపకుడి కంటితో చూడండి: చిన్న సీసా, తక్కువ ధర, సామాన్యుడు చేతి డబ్బుతో కొనే సరుకు, వేలాది మంది కొనుగోలుదార్లు. ఆ వేలమందిలో ఎవరో ఒకరు అలిగినంత మాత్రాన కూలిపోయే వ్యాపారం కాదది. 1908లో బొంబాయిలోనే వారపత్రికగా ఆంధ్రపత్రిక తెచ్చారు, 1914లో మద్రాసుకు మారి దానిని దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు కన్నుమూసి ఆగిపోయిన విజ్ఞానసర్వస్వం పనిని చేతికెత్తుకున్నారు, ఆంధ్ర గ్రంథమాల నడిపారు. ఈ పక్కనే ఉన్న వారి శ్రీబాగ్ ఇంట్లోనే 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకుల ఒడంబడిక కుదిరింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఆయన జైలుకు కూడా వెళ్ళారు. నన్ను ఆపేది ఈ చివరి సంగతి. యజమాని జైలుకు వెళ్ళినా మూతపడని వ్యాపారం ఆయనది. నాన్నగారి తద్దినం నాడు కూడా నన్ను వదలని వ్యాపారం నాది. ఇద్దరమూ అదే మద్రాసులో సరుకు తయారుచేసి అమ్మినవాళ్ళమే. దాతృత్వంలో ఆయనతో పోల్చుకునే సాహసం చేయను, అరువు లెక్కలో మాత్రం పోల్చుకోవచ్చుననుకుంటాను.

మన కాలానికి వస్తే ఈ ఊరి నుంచే రెండు దారులు కనిపిస్తాయి. 1996లో మొదలైన సాఫ్ట్‌వేర్ సంస్థ జోహో బయటి పెట్టుబడి తీసుకోకుండా పెరిగింది. తెన్‌కాశి దగ్గర మత్తళంపారై గ్రామంలో కార్యాలయం పెట్టింది, స్థాపకుల్లో ఒకరైన శ్రీధర్ వెంబు అటువైపు పల్లెకే మారిపోయారు. 2010లో చెన్నైలో పుట్టిన మరో సాఫ్ట్‌వేర్ సంస్థ ఫ్రెష్‌వర్క్స్ పెట్టుబడులు తీసుకుని వేగంగా పెరిగి 2021 సెప్టెంబరులో అమెరికా షేర్ల మార్కెట్టు నాస్‌డాక్‌లో నమోదైంది, ఆ రోజున వందలాది ఉద్యోగులు ధనవంతులయ్యారు. రెండోది తప్పుదారి అని నేను అనను. పరాయి సొమ్ము తీసుకున్నవాడు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు అమ్మాలో అన్న నిర్ణయంలో వాటా కూడా ఇచ్చుకుంటాడు; ఆ సంగతి తెలిసే ఇస్తే బాధ లేదు. మనలో చాలామందిని పెట్టుబడిదారులు వెతుక్కుంటూ రారు కాబట్టి ఈ చర్చను ఇక్కడితో వదిలేస్తాను.

వదలకూడని మాట ఇంకొకటి ఉంది. యజమాని స్వేచ్ఛ గురించి మాట్లాడే సభల్లో పనివాళ్ళ ప్రస్తావన రాదు. నేను ఆదివారం ఇంట్లో ఉండి, మెషిన్‌మేన్‌ను ఆదివారం రప్పించుకుంటే దొరికింది స్వేచ్ఛ కాదు, బదిలీ. అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలని చట్టం ఊరికే చెప్పలేదు. ఆ లెక్క నిజాయితీగా వేసుకుంటే, అత్యవసరమని పార్టీలు తెచ్చే పనుల్లో సగం మనకు గిట్టవని తేలుతుంది. మేము 2012 నుంచి ఆదివారం షట్టరు తీయడం లేదు. తీయమని వచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు.

ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగాలు చేస్తూ వ్యాపారం పెట్టాలనుకుంటున్న యువకులు చాలామంది ఇక్కడ కనిపిస్తున్నారు. ఇంటి రుణం వాయిదాతో సహా ఏడాది ఖర్చు పక్కన పెట్టకుండా రాజీనామా ఇవ్వకండి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చినదే ఉంటే, మానేయకముందే సొంతానిది తీసుకోండి. ఆ డబ్బు లేకపోతే మొదట వచ్చిన పెద్ద పార్టీ షరతులకు తల ఊపుతారు, నేను ఊపినట్టే. ఇంటికి నెలకు ఎంత కావాలో భార్యాభర్తలు కూర్చుని కాగితం మీద రాసుకోండి. మేము రాసుకున్న అంకె చూసి నేను సిగ్గుపడ్డాను, ఎందుకంటే అంతకు రెట్టింపు కోసం అప్పటికి పదిహేనేళ్ళుగా పరుగెత్తుతున్నాను. ఆ మిగతా సగం ఎందుకని మా ఆవిడ అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు నేను గురువారం మధ్యాహ్నాలు ప్రెస్సుకు వెళ్ళను. ఎగ్మూరులో 1896 నుంచి ఉన్న కన్నెమరా గ్రంథాలయానికి వెళ్ళి పాత తెలుగు పుస్తకాల అచ్చు చూస్తుంటాను. సీసపు అక్షరాలతో వత్తులు, గుణింతాలు కూర్చినవారి చేతిపని మీద నాకు చిన్నప్పటి నుంచి మోజు. మా అబ్బాయి సముద్రజీవుల మీద పరిశోధన చేస్తున్నాడు, వాడికి ప్రెస్సు వద్దు. అందుకని మెషిన్‌మేన్‌ను, లెక్కలమ్మాయిని వాటాదార్లుగా చేర్చుకోవాలనుకుంటున్నాను. మామూలు భాగస్వామ్యమైతే సంస్థ అప్పులకు వాళ్ళ సొంత ఆస్తులు కూడా బాధ్యత వహించాలి కాబట్టి, 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యమే రాయిస్తున్నాం. అప్పుడు కూడా బ్యాంకువారు వాళ్ళిద్దరి హామీ సంతకాలు అడిగారు. నేను ఒప్పుకోలేదు. వచ్చే మార్చిలోగా క్యాష్ క్రెడిట్ ఖాతా మూసేసి, ఏప్రిల్‌లో పత్రం రాసుకుంటాం. లెక్కలమ్మాయి సరేనంది. మెషిన్‌మేన్ మాత్రం రెండు వారాలు గడువు అడిగి, నిన్న వచ్చి, "ఓనరైతే ఆదివారం కూడా రావాలా సార్?" అని అడిగాడు. రానక్కరలేదన్నాను. ఆ మాట పత్రంలో రాయమన్నాడు, రాయిస్తున్నాను.